గరగర లేని లైను

మోడెం ఎంత వేగంతో కలిసిందో, తెర మీద అంకె పడకముందే చెవితో చెప్పేసేవాళ్ళు హైదరాబాదులో ఒకప్పుడు చాలామందే ఉండేవారు. ముందు డయల్ చేసిన పిప్పిప్‌లు. అవతల ఎత్తగానే సన్నటి కూత. ఆ తర్వాత, మధ్యనున్న తీగ ఎంత మోయగలదో తేల్చుకోవడానికి రెండు మోడెంలూ పెట్టే గోల. చివరికి ఒకే స్థాయిలో సాగే హోరు. ఆ హోరు తేటగా వస్తే సెకనుకు 31,200 బిట్లు. మధ్యలో ఆగి, గోల మళ్ళీ మొదలైతే 26,400. ఇంకా కిందికి దిగితే ఆ రోజు పని గోవిందా. స్పీకరు నోరు మూయించడానికి 'ఏటీ ఎం జీరో' అని ఒక ఆజ్ఞ ఉండేది. ఇంట్లో పసిపిల్లలు ఉన్నవాళ్ళు వాడుకునేవారు. పని మీద ఉన్నవాళ్ళెవరూ దాని జోలికి పోలేదు. వినకపోతే తెలిసేదెలా?

నేను చెప్తున్నది 1998 తర్వాతి నాలుగైదేళ్ళ సంగతి. నారాయణగూడలో ఒక మేడ మీద, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో ఉద్యోగం నాది. అమెరికాలో డాక్టరు పేషెంటును చూసి, ఫోనెత్తి, ఆ మనిషి జబ్బు కథంతా గడగడా చెప్పేస్తాడు. అక్కడి యంత్రం దాన్ని రికార్డు చేసి ఫైలుగా దాస్తుంది. దాన్ని మేం ఇక్కడికి దించుకోవాలి. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడలు పెట్టుకున్న మా అమ్మాయిలు విని టైపు చెయ్యాలి. ఇంకొకరు సరిచూడాలి. అక్కడ ఆసుపత్రి మళ్ళీ తెరిచేలోపు కాగితం తిరిగి చేరిపోవాలి. ఈ పని నేర్పే కోచింగ్ సెంటర్ల బోర్డులు అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వేలాడేవి ఆ రోజుల్లో. టైపు నా పని కాదు. ఫైళ్ళు దించడం, ఎక్కించడం, అంతే. ఆఫీసులో నన్ను ఎవరూ "బాగున్నారా" అని అడిగిన గుర్తు లేదు. "లైనొచ్చిందా అండీ?" అదే పలకరింపు.

అక్కడ తూర్పు తీరంలో సాయంత్రం అయిదు గంటలంటే మనకు ఎండాకాలంలో తెల్లవారుజామున రెండున్నర, చలికాలంలో మూడున్నర. వాళ్ళు రోజంతా చెప్పినది ఆ వేళకు పోగుపడేది. మా అదృష్టం ఏమిటంటే, దేశం నుంచి బయటికి వెళ్ళే దారి కాస్త ఖాళీగా ఉండేదీ అప్పుడే. పగలు పదకొండుకి డయల్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేస్తే ఎంగేజ్. కలిసినా, అవతలి సర్వరు దాకా ఫైలు నత్తనడకే. తెల్లవారుజామున మొదటి రింగుకే ఎత్తేది. వేదం చదువుకునేవాళ్ళకు చెప్పిన బ్రాహ్మీ ముహూర్తం డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళకూ పనికొచ్చింది. వేగం పెంచే ఉపాయాల్లో పైసా ఖర్చు లేనిది అదొక్కటే, నిద్ర సంగతి పక్కన పెడితే.

నాకు ఆ విద్య కొంచెం ముందే అబ్బింది. దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. విద్యార్థులకు 500 రూపాయల ఖాతా ఉండేది. అందులో బొమ్మలుండవు, నల్లటి తెర మీద అక్షరాలే. లింక్స్‌లో పేజీలు, పైన్‌లో ఉత్తరాలు. ఫైలు కావాలంటే రెండు మజిలీల ప్రయాణం. ముందు ఎఫ్‌టీపీతో అమెరికాలో ఉన్నదాన్ని మన ఖాతా ఉన్న సర్వరులోకి తెచ్చుకోవాలి. అక్కడి నుంచి 'ఎస్‌జెడ్' అని కొట్టి జెడ్‌మోడెంతో ఇంటి కంప్యూటరుకి దించుకోవాలి. 9,600 వేగంలో ఒక మెగాబైటు దిగడానికి ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ. మొదటి మజిలీలో 'బిన్' అని కొట్టడం మరిచారా, దిగినదంతా చెత్త.

ఆ జెడ్‌మోడెం గురించి ఒక మాట చెప్పకుండా దాటలేను. దానికి ముందు ఎక్స్‌మోడెం ఉండేది. షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రాశాడు. అది 128 బైట్లు పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా ఆగి, అప్పుడు ఇంకో 128 పంపేది; ముద్ద ముద్దకీ "మింగావా నాన్నా" అని అడిగి గాని తర్వాతి ముద్ద కలపని అమ్మమ్మ వరస. పక్క గదిలో ఉన్న యంత్రంతో అయితే ఫరవాలేదు. ఉపగ్రహం మీదుగా కబురు పోయి రావాలంటే అరసెకను, అంతసేపూ లైను ఊరికే ఉంటుంది. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో తెచ్చిన జెడ్‌మోడెం ఆగదు. పంపుకుంటూ పోతుంది, అవతలివాడు ఫలానా చోట పాడైందంటే అక్కడికి వెనక్కి వస్తుంది. అంతకంటే గొప్ప గుణం ఇంకొకటి: మధ్యలో లైను తెగితే, మళ్ళీ కలిశాక తెగినచోటి నుంచే అందుకుంటుంది. కరెంటు పోయే ఊళ్ళో ఆ గుణానికి వెల కట్టలేం. 1998 నాటికి మా ఆఫీసులో జెడ్‌మోడెం అవసరం తీరిపోయింది గానీ, ఎఫ్‌టీపీ ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసింది అదే: తెగినచోటి నుంచి అందుకుంటుందా లేదా? మిగతా హంగులన్నీ తర్వాత.

ఇక అసలు చిక్కు. డిజిటల్ ఎక్స్‌ఛేంజీలో మనిషి గొంతు సెకనుకు 8,000 ముక్కలుగా, ముక్కకు 8 బిట్ల చొప్పున నడుస్తుంది. మొత్తం 64 కిలోబిట్లు. డాక్టరు మాట్లాడిన ఫోనూ అదే కొలత, మా ఫోనూ అదే కొలత. కానీ మా మోడెం ఆ దారిని అంకెలుగా వాడుకోలేదు. అంకెల్ని మళ్ళీ శబ్దంగా మార్చి, గొంతు పట్టే సందులోంచే దూర్చాలి. ఆ సందు 300 నుంచి 3,400 హెర్ట్జ్. అందులోంచి ఎంత తెలివిగా దూర్చినా 33,600 దగ్గర గోడ తగులుతుంది. అంటే, డాక్టరు ఒక నిమిషం మాట్లాడిన ఫైలును ఉన్నదున్నట్టు దించితే 480 కిలోబైట్లు, మాకు సెకనుకు మూడుంపావు కిలోబైట్లు వస్తే మంచి రోజు, కాబట్టి రెండున్నర నిమిషాలు. మనిషి మాట్లాడేదానికంటే ఆ మాట ఫైలుగా రావడమే ఆలస్యం! గంట డిక్టేషన్ దించడానికి రెండున్నర గంటలు. మా మేడం (ఆఫీసు ఆవిడదే) ఈ లెక్క కాగితం మీద వేయించి చూసి, "అయితే ఆయనకే ఫోను చేసి వింటూ టైపు చేస్తే పోదా?" అన్నారు. హాస్యానికే అన్నారు గానీ, లెక్క ప్రకారం ఆవిడ మాట నిజం. ఐఎస్‌డీ బిల్లు ఒక్కటే అడ్డం.

మోడెం మారిస్తే వేగం రాదా అని అందరూ అడిగేవారు. 1998లోనే వీ.90 ప్రమాణం వచ్చింది, పెట్టె మీద 56కే అని పెద్దక్షరాలు. అంతకుముందు ఏడాది ఎక్స్2 అని ఒకరు, కే56ఫ్లెక్స్ అని ఇంకొకరు రెండు రకాలు అమ్మి జనాన్ని తికమక పెట్టారు. ఆ వేగం రావాలంటే అవతలి కొస పూర్తిగా డిజిటల్‌గా ఉండాలి, దారిలో ఎక్కడా రెండోసారి శబ్దంగా మారకూడదు. మా లైనులో ఒక్కో రోజు 44,000 కనిపించేది. ఎక్కువ రోజులు కనిపించేది కాదు. పైగా ఆ వేగం దించుకోవడానికే. ఎక్కించడానికి ఎప్పుడూ 33,600 లోపే. మాకు దిగేది గొంతు, ఎక్కేది అక్షరాలు గనుక ఆ తేడా వల్ల బాధ లేదు.

నిజమైన వేగం ఫైలును నొక్కడంలో దొరికింది. విండోస్ 95లో గొంతును కుదించే పద్ధతులు రెండు ఊరికే వచ్చేవి. ఒకటి సెల్‌ఫోన్ల కోసం పుట్టిన జీఎస్ఎం, సెకనుకు 13 కిలోబిట్లు. ఇంకొకటి ట్రూస్పీచ్, ఎనిమిదిన్నర. మొదటిదానితో నిమిషం మాట 98 కిలోబైట్లకు దిగింది. అర నిమిషంలో వచ్చేస్తుంది. రెండోదానితో 64 కిలోబైట్లే. అవతలివాళ్ళను ఒప్పించి, వాళ్ళ యంత్రంలోనే కుదించి పెట్టమన్నాం. మొదట ట్రూస్పీచే పెట్టించాను. ఫైళ్ళు చకచకా దిగాయి. రెండో రోజుకల్లా సరిచూసే అక్కయ్య నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఈయన ఫిఫ్టీన్ మిల్లీగ్రామ్స్ అన్నాడా, ఫిఫ్టీ అన్నాడా, నువ్వు చెప్పు."

విన్నాను. తెలియలేదు. మళ్ళీ విన్నాను. టెలిఫోను సందులోనే సకారాలూ ఫకారాలూ సగం చచ్చి వస్తాయి. దాన్ని ఇంకా నొక్కితే మాట చివర్లు మింగుడు పడిపోతాయి. హైపో అన్నాడా హైపర్ అన్నాడా అన్నదాని మీద ఒక మనిషి బీపీ మాత్ర ఆధారపడి ఉంటుంది. "నీ స్పీడు నువ్వే ఉంచుకో, నాకు మాట వినబడాలి" అంది ఆవిడ. జీఎస్ఎంకి మారాం. వేగం పెంచేవాడు ఎక్కడ ఆగాలో చెప్పాల్సింది చివర కూర్చుని వినేవాళ్ళని నాకు ఆవిడ దగ్గరే తెలిసింది. ఇప్పటికీ వీడియో కాల్‌లో గొంతు గుటకలు మింగుతుంటే ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది.

వెళ్ళే వైపు కథ వేరు. టైపు చేసిన అక్షరాలు నిజానికి నాలుగైదు కిలోబైట్లు. కానీ ఒక ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నమూనా కాగితంలో పైన వాళ్ళ చిహ్నం పెద్ద బొమ్మగా అతికించి ఉండేది. ప్రతి రిపోర్టుతోనూ ఆ బొమ్మ సముద్రాలు దాటి, పుట్టింటికే వెళ్ళేది. దాన్ని తీసేసి, వాళ్ళవైపే తగిలించుకోమని అడగడానికి చాలా ఉత్తరాలు నడిచాయి. ఒప్పుకున్న రోజు నుంచి ఎక్కింపు పని నాకు పనే కాకుండా పోయింది. రిపోర్టులన్నీ ఒక్క జిప్‌లో కట్టేవాళ్ళం. విడివిడిగా పంపితే ఒక్కో ఫైలుకూ కొత్తగా పలకరింపులు, అనుమతులు, వీడ్కోళ్ళు. మోడెంలో కూడా వీ.42బిస్ అని కుదించే ఏర్పాటు ఉండేది. అక్షరాల మీద బాగా పనిచేసేది. అప్పటికే జిప్ అయినదాని మీద దాని ఆటలేమీ సాగవు. ఇది తెలియనివాళ్ళు సాదా అక్షరాల ఫైలు దిగేటప్పుడు కనిపించే అంకె చూసి మురిసిపోయి, పాట దించుకునేటప్పుడు మోడెం పాడైందని షాపుకి మోసుకెళ్ళేవారు.

ఇక లైను.

డిపార్ట్‌మెంటు దృష్టిలో ఫోనులో మాట వినబడితే లైను బాగున్నట్టే. 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయిస్తే లైన్‌మన్ వచ్చేవాడు. సైకిలు, భుజాన సంచి, చేతిలో టెస్టింగ్ ఫోను.

"మాట్లాడితే మంచిగనే ఇనబడ్తుంది గద సార్?"

"మాటకు బాగానే ఉందన్నా. మోడెంకే ఆనడం లేదు."

ఆయన మోడెం వైపు అనుమానంగా చూశాడు. తప్పు ఆ పెట్టెదే అన్నట్టు. నేను ఒక పని చేయించాను. రిసీవరు ఎత్తి ఒకే ఒక్క అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది, ఉత్త లైను వినబడుతుంది. అప్పుడు చెవి పెడితే దాని అసలు గుణం తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు పట్టించుకోని చిటపటలు అప్పుడు బయటపడతాయి. ఆయన విన్నాడు. "ఉన్నది" అన్నాడు. స్తంభం మీది డీపీ పెట్టె నుంచి మా కిటికీ దాకా వచ్చే డ్రాప్ వైరులో చేత్తో మెలేసిన అతుకు ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది. వానాకాలాలన్నీ దాని మీదుగానే పోయాయి. అతుకు కోసేసి, కొత్త తీగ ఒకే పొడవున లాగాడు. కిందింటికి ఎప్పుడో ఎవరో లాగి వదిలేసిన పారలల్ తీగ ఇంకొకటి గోడ వెంట వేలాడుతుంటే అదీ పీకేశాడు. గోడ మీది రోజెట్ విప్పి లోపలి మరలు గీకాడు. నేను డయల్ చేశాను. ఇద్దరం విన్నాం. 24,000 దగ్గర కుంటే లైను 31,200 చూపించింది.

"గింతనా!" అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆయనకు ఆ అంకె మీద మోజు పుట్టింది. మా వీధికి ఏ పని మీద వచ్చినా మేడ ఎక్కి, "ఎంత చూపిస్తున్నది సార్?" అని అడిగిపోయేవాడు. హిమాయత్‌నగర్‌లో ఫలానా డాక్టరింట్లో 33 వస్తోందని, చిక్కడపల్లిలో ఒకరికి పిల్లర్ దగ్గర జంపర్ మార్చితే నాలుగు పెరిగిందని కబుర్లు చెప్పేవాడు. మోడెం అంకెను కొలబద్దగా పెట్టుకుని అతుకులు వెతికిన లైన్‌మన్లు ఆయనలాంటివాళ్ళు ఊళ్ళో ఇంకెందరుండేవారో. ఏ మాన్యువల్‌లోనూ లేని పని అది.

తీగ చక్కబడ్డా పక్కింటి మోటారు వేస్తేనో, ఎక్కడో ఏదో జరిగితేనో లైను ఒక్క క్షణం తుళ్ళిపడేది. మోడెం వెంటనే అలిగి కట్ చేసేది. ఎస్10 అనే గడిలో ఎంత అంకె ఉంటే సెకనులో అన్ని పదో వంతుల సేపు అది ఓపిక పడుతుంది. కంపెనీ పెట్టి పంపేది ఒకటిన్నర సెకనుకు లోపే. దాన్ని 50 చేస్తే అయిదు సెకన్లు ఓర్చుకుంటుంది. సగం తెగుళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇంకొక కిటుకు వినడానికి విడ్డూరం: వేగానికి పైన కళ్ళెం వెయ్యడం. మంచి లైను మీద 31,200కి ఎక్కి, తట్టుకోలేక, మధ్యలో ఆగి మళ్ళీ బేరం మొదలుపెట్టే మోడెంను 26,400 దాటొద్దని ముందే కట్టేస్తే, గంట తిరిగేసరికి ఎక్కువ ఫైళ్ళు దిగేవి. ఇది చెప్తే మా మేడం నమ్మలేదు. రెండు రాత్రుల లెక్క పక్కపక్కన పెట్టి చూపించాల్సి వచ్చింది. మన ఎక్స్‌ఛేంజీ డయల్ టోన్‌ను అమెరికా మోడెం గుర్తుపట్టక "టోన్ లేదు" అని మొండికేస్తే 'ఎక్స్3' అని చేర్చాలి. ఈ ముక్క అప్పట్లో కంప్యూటరు షాపుల్లో కుర్రాళ్ళందరికీ నోటికొచ్చు.

వేగం పెంచుతామని సీడీల్లో, షేర్‌వేరుల్లో వచ్చిన మంత్రాల మీద మాత్రం నాకు ఎన్నడూ గురి కుదరలేదు. అవి చేసేది చాలావరకు ఒకటే, విండోస్‌లో డేటా పొట్లం (ప్యాకెట్) సైజును 1,500 బైట్ల నుంచి 576కి తగ్గించడం. గరగర లైను మీద, పేజీలు చూసుకునేవాళ్ళకు అందులో కొంత లాభం ఉంది. పెద్ద ఫైళ్ళు దించేవాడికి లేదు. ప్రతి పొట్లానికీ 40 బైట్ల చీటీ అంటించాల్సిందే కాబట్టి, చిన్న పొట్లాలంటే ఎక్కువ చీటీలు. అంతకంటే పాత కంప్యూటర్లో సీరియల్ పోర్టు చిప్పు చూసుకుంటే మేలు. పాత 8250 రకం చిప్పు ఒక్క బైటు పట్టుకుని నిలబడేది, ప్రాసెసరు వచ్చి తీసుకునేలోపు రెండోది వస్తే మొదటిది పోయినట్టే. 16550 రకం పదహారు దాచుకుంటుంది. చవకగా వచ్చే లోపలి మోడెంలు ఇంకో తంటా: వాటి పనంతా ప్రాసెసరు నెత్తినే. ఆ కంప్యూటరులో ఎవరైనా ఆడియో ఫైలు తెరిస్తే చాలు, వేగం పడిపోయేది. బయట పెట్టుకునే మోడెం కొనిపించి, దాని అడాప్టరును కూడా యూపీఎస్‌కే తగిలించాం. కంప్యూటరు యూపీఎస్ మీద, మోడెం గోడ ప్లగ్గు మీద ఉన్న ఆఫీసులు నేను చాలానే చూశాను. కరెంటు పోతే కంప్యూటరు దర్జాగా వెలుగుతూ ఉంటుంది, లైను మాత్రం గల్లంతు.

ఉరుము వినబడితే ముందు ఫోను తీగ పీకాలి. తర్వాతే మిగతా సంగతులు. మే నెల చివర్లో షాపుల్లో రిపేరుకొచ్చిన మోడెంలు మాడిన వాసనతో వరసగా పేర్చి ఉండేవి.

ఇంత చేసినా, మా వేగానికి రికార్డు మోడెంది కాదు, లూనాది. దిల్‌సుఖ్‌నగర్‌లో కొందరు ఇళ్ళ దగ్గరే టైపు చేసేవారు. వాళ్ళకు ఫైళ్ళు మళ్ళీ లైను మీద పంపడం దండగ. ఒక ఫ్లాపీలో జీఎస్ఎం డిక్టేషన్ పధ్నాలుగు నిమిషాలు పడుతుంది. పది ఫ్లాపీలు సంచిలో వేసుకుని మా కుర్రాడు లూనా మీద అరగంటలో చేరిపోయేవాడు. అదే సరుకు మోడెంకైతే గంటకు పైమాటే. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా ట్రాఫిక్‌తో కలిపి చెప్తున్నా.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది, 256 కిలోబిట్లు. మా ఆఫీసుకీ పెట్టించారు. మోడెం కొత్తది. రాత్రి కొలిచినవి, గడుల్లో నింపినవి, ఆ అంకెలన్నీ ఒక్క పూటలో అక్కరకు రాకుండా పోయాయి. కనెక్షన్ ఇవ్వడానికి మా లైన్‌మనే వచ్చాడు, కాస్త జుట్టు నెరిసి. గోడ మీది రోజెట్ దగ్గర చిన్న డబ్బా తగిలించి, ఫోనుకొక తీగ, మోడెంకొక తీగ ఇచ్చాడు. డయల్ లేదు, గోల లేదు. అంకె చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

"స్తంభం కాడ నేనేం మార్చలే సార్. గదే డ్రాప్ వైర్" అన్నాడు.

నిజమే. ఆయన లాగిన ఆ రాగి తీగే. దానికి పది లక్షల హెర్ట్జ్ దాకా మోసే సత్తా మొదటి నుంచీ ఉంది. 3,400 దగ్గర గేటు వేసి కూర్చున్నది ఎక్స్‌ఛేంజీలో గొంతుల కోసం పెట్టిన ఏర్పాటు. ఇప్పుడు ఆ గేటుకు ముందే ఇంకో యంత్రం పెట్టి తీగను రెండుగా పంచారు. ఇదంతా చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే ఇన్నేండ్లు నా జాయింట్లు మంచిగనే ఉన్నయన్నట్టు" అని, సంచి భుజాన వేసుకుని, కిందింటివాళ్ళ కంప్లెయింటు చూడటానికి దిగిపోయాడు.